షుగరు తగ్గింది సరే, మనిషి ఎందుకు తగ్గాడు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరవై దాటిన వారివో, వారి పిల్లలవో. అందరూ అడిగింది షుగరు గురించే. చదువుతుంటే మాత్రం నా కళ్ళ ముందు సన్నబడిన తొడలు, వదులైన పిక్కలు మెదిలాయి. అందుకే ఈసారి జుట్టు రాలడం, తలనొప్పి ప్రశ్నలను పక్కన పెట్టాను. ఆ పాఠకులు మన్నించాలి. నా వయసు 71. డాక్టరుగా 44 ఏళ్ళు, షుగరు రోగిగా 22 ఏళ్ళు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. మొదటి ఉద్యోగానికి పదవీ విరమణ అయింది, రెండోదానికి ఆ వసతి లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్ళు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. షుగరు వచ్చి 18 ఏళ్ళయింది. రెండేళ్ళ క్రితం అరికాలికి చిన్న పుండు పడి, మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ భయంతో తిండి బాగా తగ్గించారు. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కప్పు అన్నం, బీరకాయ కూరో సొరకాయ కూరో, చారు, పల్చటి మజ్జిగ. రాత్రికి రాగి జావ. గ్యాసని పప్పు, కొలెస్ట్రాల్ అని గుడ్డు మానేశారు. మూడు నెలల సగటు చూపించే షుగరు పరీక్షలో 6.1 వచ్చింది. బరువు 68 నుంచి 59 కిలోలకు దిగింది. బంధువులంతా ‘మాస్టారిని చూసి నేర్చుకోవాలి’ అంటున్నారు. కానీ పీట మీద కూర్చుంటే ఆయన లేవలేకపోతున్నారు. మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటున్నారు. తెల్లవారుజామున చెమటలు పడుతున్నాయంటున్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్రలు వాడుతున్నారు. ఆహారంలో ఇంకా ఏం తగ్గించాలో చెప్పగలరు. – ఒక కుమార్తె, తెనాలి

జవాబు: అమ్మా, ఇక తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. బంధువుల మెచ్చుకోలును కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ చెమటల సంగతి చూడండి.

గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను బలవంతంగా వదిలిస్తుంది. మీరు అన్నం తిన్నారా, జావ తాగి పడుకున్నారా అని అది చూడదు. మీ నాన్నగారి తిండి సగానికి పడిపోయింది. మాత్ర పాత మోతాదులోనే ఉందనుకుంటాను, మీరు రాయలేదు. అలాంటప్పుడు తెల్లవారుజామున రక్తంలో చక్కెర మరీ పడిపోయి చెమటలు పట్టడం నేను ఎందరిలోనో చూశాను. రెండు మూడు రోజులు మూడు గంటలకు అలారం పెట్టుకుని, వేలు గుచ్చి చూడండి. చెమట పట్టినప్పుడు కూడా చూడండి. 70 కన్నా తక్కువ వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత మళ్ళీ చూడండి. ఆ అంకెలున్న కాగితం తీసుకుని ఆలస్యం చేయకుండా మీ డాక్టరు గారిని కలవండి. మాత్ర మీ అంతట మీరు మానవద్దు, ఆయన తగ్గిస్తారు. 6.1 అంకె చూసి సంతోషించకండి. సగటు అంటే మాస్టారికి తెలియనిది కాదు, 40 మార్కులు, 160 మార్కులు కలిపినా నూరే వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 7 నుంచి 7.5 లోపు ఉంటే చాలు. ఇతర జబ్బులతో బలహీనపడిన వారికి 8 లోపు ఉన్నా సరిపెట్టుకోవచ్చని నేటి వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ వయసులో ఒక్కసారి కళ్ళు తిరిగి పడి తుంటి ఎముక విరిగితే, ఆ మంచి అంకె ఎవరికీ గుర్తుండదు.

రెండోది, తొమ్మిది కిలోలు. తిండి తగ్గించారు కాబట్టి బరువు తగ్గారని సరిపెట్టుకోవద్దు. బహుశా కారణం అదే. అయినా థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే, రక్తహీనత పరీక్షలు చేయించండి. క్షయ, కాన్సర్ లాంటివి కూడా ‘డైటింగ్ బాగా కుదిరింది’ అన్న మాట వెనక దాక్కుంటాయి.

ఇప్పుడు పీట సంగతి. వయసుతో కండ, దానితో పాటు బలం తగ్గిపోవడానికి సార్కోపీనియా అనే పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్. అది 1989 నాటి మాట. ‘కండ కరిగిపోయింది’ అని మన అమ్మమ్మలు అంతకు ముందే అనేవారు. షుగరు ఉన్నవారిలో ఈ కరగడం మరింత వేగంగా సాగుతుంది. కండ కరగకుండా కాపాడే పనుల్లో ఇన్సులిన్‌ది పెద్ద వాటా. అది చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా ఆ కాపలా సడలుతుంది. తిరగబడ్డ చిక్కు ఇంకొకటి ఉంది. భోజనం చేశాక రక్తంలోకి వచ్చిన చక్కెరలో ఎక్కువ భాగాన్ని లాక్కుని దాచుకునేది కండే. అది ఇంట్లో ఉన్న పెద్ద గాదె లాంటిది. గాదె చిన్నదైతే పంట కొద్దిగా వచ్చినా వాకిట్లోనే పోయాలి. మీ నాన్నగారు షుగరుకు భయపడి తిండి మానేశారు, తిండి మానడంతో గాదె కూల్చుకున్నారు. రేపు ఒక పూట కడుపు నిండా తింటే షుగరు మునుపటి కన్నా ఎక్కువ పెరుగుతుంది. ‘చూశావా, తింటే పెరిగింది’ అని ఇంకా తగ్గిస్తారు. ఇలా ఎముకల గూడుగా మారిన పెద్దమనుషులను నేను లెక్కలేనంతమందిని చూశాను.

మాస్టారికి ఒక లెక్క ఇవ్వండి, ఆయనే చేస్తారు. పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు (ప్రోటీన్లు) కావాలి. 59 కిలోలకు దాదాపు 60 నుంచి 70 గ్రాములు. ఇప్పుడు ఆయన కంచం కూడండి. రెండు ఇడ్లీలు నాలుగు గ్రాములు. కప్పు అన్నం నాలుగు. బీరకాయ, చారు కలిపి ఒకటో రెండో. మజ్జిగ రెండు. పాతిక గ్రాముల రాగిపిండితో జావ కాస్తే రెండు గ్రాములు కూడా రావు, అందులో మజ్జిగ పోస్తే ఇంకొకటి. ఎంత ఉదారంగా మార్కులు వేసినా ఇరవై దాటదు. మూడోవంతు మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి మాస్టారు పాస్ చేసేవారా?

రాగి మీద నాకు కోపం లేదు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, ఆ విషయంలో అన్నం దాని దరిదాపుల్లోకి రాదు. కానీ రాగి కూడా పిండే. మెత్తగా పట్టించి, పల్చగా కాచి గ్లాసుతో తాగితే నమలకుండానే లోపలికి పోతుంది, షుగరూ అంతే జోరుగా పెరుగుతుంది. అదే ముద్దగానో రొట్టెగానో చేసుకుని పప్పుతో తింటే మేలు. జావను రాత్రి భోజనం చేసేసిన ఘనత ఎవరిదో కానీ, మన వాళ్ళ తొడలకు చాలా నష్టం చేసింది.

గ్యాస్ సంగతి. కందిపప్పు పడకపోతే పెసరపప్పుతో మొదలుపెట్టండి. ముందు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఇంగువ వేసి మెత్తగా ఉడికించండి. మొదటి వారం రెండు గరిటెలు, తరువాత పెంచండి. రోజుకొక గుడ్డు చాలామందికి ఇబ్బంది చేయదు, ఒక గుడ్డులో ఆరు గ్రాములు వస్తాయి. చేపల పులుసు తినే ఇల్లయితే వారానికి మూడు రోజులు పెట్టండి, మెత్తగా ఉంటుంది. ఇంతకీ ఆయన నోట్లో పళ్ళ సంగతి మీరు రాయలేదు. పప్పు గ్యాసని, మాంసం వేడని, పల్లీలు పైత్యమని వరుసగా మానేసే పెద్దవారిని నోరు తెరవమంటే తరచు దవడ పళ్ళు కనిపించవు. నమలలేనని చెప్పుకోవడానికి నామోషీ. ఒకసారి చూడండి.

నెల తరువాత ఆయన్ను గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమనండి. గడియారం చూడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ పనితీరు తగ్గిందని ఆసియా దేశాల వైద్య నిపుణుల బృందం 2019లో పెట్టిన కొలత. దర్జీ టేపుతో పిక్క లావు కూడా కొలవండి. మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే అనుమానించాలి. ఈ రెండు అంకెలూ షుగరు డైరీలో, షుగరు అంకె పక్కనే రాయండి.

ప్రశ్న: మా అమ్మగారికి 70 ఏళ్ళు, షుగరు 15 ఏళ్ళుగా ఉంది. నీరసంగా ఉంటున్నారని ప్రోటీన్ పొడి డబ్బా కొన్నాను. కిడ్నీలు పాడవుతాయని మా బాబాయి అంటున్నారు. క్రియాటినిన్ 0.9 ఉంది, నార్మల్ అని రిపోర్టులో రాశారు. పొడి ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ బాబాయి మాటలో సగం నిజం ఉంది, మీ రిపోర్టులోనూ సగమే ఉంది. క్రియాటినిన్ కండ నుంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువగా ఉన్న మనిషిలో అది తక్కువగానే తయారవుతుంది. కాబట్టి బక్కచిక్కిన వృద్ధురాలికి 0.9 వచ్చిందంటే కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని అర్థం కాదు. అదే అంకె పొలం పనిచేసే పాతికేళ్ళ కుర్రాడిలో వేరు, మీ అమ్మగారిలో వేరు. మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోందేమో పరీక్ష చేయించండి. కిడ్నీల వడపోత ఎంత ఉందో లెక్కకట్టి చెప్పమని డాక్టరును అడగండి. ఆ లెక్క కూడా క్రియాటినిన్ మీదే ఆధారపడుతుంది కనుక అనుమానముంటే సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష ఉంది, దానికి కండతో అంత పేచీ లేదు.

వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే మాంసకృత్తులను కొలిచి తినాలి, పెంచకూడదు. డయాలిసిస్ మొదలైన వారికి మళ్ళీ ఎక్కువ కావాలి. ఆ రెండు స్థితుల్లోనూ నా లాంటి వారి పత్రికా సలహా పనికిరాదు, కిడ్నీ డాక్టరు మాటే వినాలి. కిడ్నీలు బాగుంటే భయం అక్కర్లేదు, అయినా డబ్బా అక్కర్లేదనే నేనంటాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి, చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కనిపిస్తే మూత పెట్టేయండి. డబ్బా ధరకు ఎన్ని గుడ్లు, ఎంత పెసరపప్పు వస్తాయో మీ ఊళ్ళోనే లెక్క వేసుకోండి. ఏ ముద్దా మింగుడుపడని వారికి, ఆపరేషన్ అయి లేవలేని వారికి పొడి ఇవ్వాల్సిన సందర్భాలు ఉంటాయి. నీరసం ఒక్కటే దానికి కారణం కాకూడదు.

ప్రశ్న: నాకు 66 ఏళ్ళు, బరువు 58 కిలోలు. గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. పన్నెండేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటాయి. మొన్న గుడికి వెళ్తుంటే ఒక కాలి చెప్పు ఊడిపోయిన సంగతే తెలియలేదు. శాకాహారులకు కండ నిలబడుతుందా? – ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: నిలబడుతుంది. కాకపోతే మీరు ప్రశ్నగా అడిగిన దానికన్నా మధ్యలో చెప్పిన చెప్పు సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అది కాళ్ళ నరాల స్పర్శ తగ్గిందనడానికి గుర్తు. షుగరే చేసి ఉండవచ్చు. బి12 విటమిన్ లోపం కూడా అచ్చంగా అలాగే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గే వీలుంది, శాకాహారుల్లో అది ముందే అంతంతమాత్రం. రక్తపరీక్ష చేయించుకోండి. లోపముంటే చవకైన మందుతో సరిచేయవచ్చు, ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోవు. అంతవరకు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి, వెనక పట్టీ ఉన్నవి. రోజూ పడుకునే ముందు అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోండి. గుడి చుట్టూ ఎండలో ఒట్టికాళ్ళతో ప్రదక్షిణాలు వద్దు, దేవుడు ఏమీ అనుకోడు.

ఇక కంచం. మీకు 58 నుంచి 70 గ్రాములు కావాలి. పొద్దున్న అరవై గ్రాముల పెసలతో రెండు పెసరట్లు వేసుకుంటే 14 గ్రాములు. (అందులో ఉప్మా పెట్టుకుంటే పెట్టుకోండి, కొంచెమే పెట్టుకోండి. గోదావరి జిల్లా దాన్ని కాబట్టి వద్దని చెప్పలేను.) మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పో పాలకూర పప్పో చేస్తే 9, పెద్ద కప్పు గట్టి పెరుగు 6, అన్నం నుంచి 6 లేదా 7. సాయంత్రం గుప్పెడు శనగల గుగ్గిళ్ళు 7 లేదా 8. రాత్రి రెండు పుల్కాలు 6, 50 గ్రాముల పనీరు కూర 9, పావులీటరు పాలు 8. కూడితే 65 దాటింది. పనీరు ఖరీదనుకుంటే పాతిక గ్రాముల మీల్ మేకర్ నానబెట్టి, పిండి, కూరలో వేయండి, దాదాపు 13 వస్తాయి.

మన ఇళ్ళలో పప్పు రోజూ వండుతాం కానీ ఎంత వండుతామో చూడం. నలుగురికి చిన్న గ్లాసు పప్పు వేసి, దోసకాయ ముక్కలతో నిండుగా కనబడేలా చేస్తాం. ఆఖరున తినే ఇల్లాలికి గిన్నె అంచులు దక్కుతాయి. పప్పుచారును పప్పుగా లెక్కేయవద్దు. గుప్పెళ్ళతో కాదు, ఒకసారి తూచి చూడండి. మాంసకృత్తులన్నీ ఒకే పూట తినడం కన్నా మూడు పూటలకూ పంచడం మంచిది. వయసు మళ్ళిన కండ కాస్త మొండిది. ఆరేడు గ్రాములు పెడితే పలకదు, పూటకు 20 నుంచి 25 పెడితే కదులుతుంది. కంచంలో కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత కలుపుకుంటే భోజనం తరువాత షుగరు కూడా తక్కువ పెరుగుతుంది. మొదటి ముద్ద పచ్చడితో తినే అలవాటు మానుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మీరు ఏకాదశి ఉపవాసాలు ఉంటారో లేదో రాయలేదు. ఉంటే, మెట్‌ఫార్మిన్ కాక ఇంకేమైనా మాత్రలు, ఇన్సులిన్ తీసుకుంటున్నారేమో డాక్టరుకు చెప్పి మరీ ఉండండి.

ప్రశ్న: నాకు 69 ఏళ్ళు. పదేళ్ళుగా రోజూ గంట నడుస్తాను, షుగరు అదుపులోనే ఉంది. అయినా పంచె కట్టుకుంటే తొడలు పుల్లల్లా కనిపిస్తున్నాయి. బియ్యం సంచి జరపలేకపోతున్నాను. ఇంకో అరగంట నడక పెంచమంటారా? – ఒక విశ్రాంత ఉద్యోగి, వరంగల్

జవాబు: వద్దు. నడక గుండెకూ షుగరుకూ మంచిదే, మానకండి. కానీ పదేళ్ళుగా మోస్తున్న అదే బరువుతో అదే దారిలో నడిస్తే కండకు కొత్తగా పెరగాల్సిన అవసరమేముంది? దానికి కాస్త కష్టం చూపించాలి.

నా సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం జ్వరంతో పన్నెండు రోజులు మంచం దిగలేదు. బత్తాయి రసం, బ్రెడ్డు, జావ. లేచిన మొదటి రోజు స్నానాల గదిలో పీట మీద నుంచి లేవబోతే కాళ్ళు రాలేదు. కుళాయి పట్టుకుని లేవబోయాను. నేను లేవలేదు, కుళాయే ఊడి చేతికి వచ్చింది. తడిసిపోయి కూర్చుని నవ్వాలో ఏడవాలో తెలియక మా కోడలిని కేకేశాను. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పదిరోజులు మంచం మీద ఉంచి చూస్తే ఒక్క కాళ్ళ నుంచే కిలో దాకా కండ పోయిందని 2007లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో చదివాను. చదివినప్పుడు అంకెలా ఉంది, కుళాయి చేతిలో పట్టుకున్నాక అర్థమయింది.

తిరిగి వస్తుందా అంటే, వస్తుంది. 1990లో బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ళ వయసున్న వారి చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించారు. వారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. మీరింకా 69.

చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. లేవడం కన్నా కూర్చోవడం నెమ్మదిగా చేయండి, దబ్బున పడవద్దు. వంటగట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడడం పది, పదిహేను సార్లు. గోడకు చేతులానించి వంగి, వెనక్కి నెట్టడం పదిసార్లు. రెండు చేతుల్లో లీటరు నీళ్ళ సీసాలు పట్టుకుని భుజాల దాకా ఎత్తడం. వీటిని రెండు వరుసలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. తేలికైపోతే సీసాలో నీళ్ళు పెంచండి, ఎత్తు తక్కువ కుర్చీకి మారండి. నేను పాలు కాగే లోపు మడమలెత్తుతాను. రెండుసార్లు పాలు పొంగాయి, అంతకు మించి ప్రమాదమేమీ జరగలేదు.

ఊపిరి బిగబట్టి బరువులెత్తకండి. కంటి వెనక పొరలో షుగరు వల్ల రక్తస్రావం ఉందని కంటి డాక్టరు చెప్పి ఉంటే, ఆయనను అడగకుండా మొదలుపెట్టవద్దు. ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆపి, ఆరోజే డాక్టరును కలవండి. ఇన్సులిన్‌పై ఉన్నవారు జేబులో పంచదార పొట్లం పెట్టుకోండి. కండ పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. ఆ లాగుడు వ్యాయామం అయిపోయాక కూడా గంటల తరబడి ఉంటుంది.

ప్రశ్న: రాత్రి అన్నం మాని చపాతీ తింటున్నాను. అయినా షుగరు తగ్గడం లేదు. ఎందుకు? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: గోధుమ కూడా పిండే కాబట్టి. మీరు ఎన్ని తింటున్నారో రాయలేదు, వాటితో ఏ కూర తింటున్నారో అదీ రాయలేదు. బంగాళాదుంప కుర్మా అని నా అనుమానం. వారం రోజులు రాత్రి ఏమేం తిన్నారో, తిన్న రెండు గంటలకు షుగరు ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి పంపండి, వచ్చే నెల మాట్లాడుకుందాం.